తక్కువ కీడును బోధింపవచ్చునా?

కీడుచేయు వస్తువును విడువలేనివాడొకడు మన యొద్దకు వచ్చి, "నేనెట్లును దీనిని మానలేకున్నాను, ఇంతకంటె తక్కువ కీడు చేయునదేదో చెప్పుడు" అని యడిగినచో, వానికి దారి చూపుట ధర్మమా, అధర్మమా? చూపినవాడు వాని దురభ్యాసమున భాగస్వామి యగునా? చూపక మౌనము వహించినవాడు ఆ మౌనమువలన గలుగు హానికి బాధ్యుడు గాకపోవునా? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. ఆపద్ధర్మమును గుఱించి మన పెద్దలు చేసిన చర్చలు పెక్కు దీనిచుట్టునే తిరిగినవి. కాని యీ కాలమున నిది మిక్కిలి చిన్నదియు, చూపునకు హాస్యాస్పదమునైన రూపమున మా ముందునకు వచ్చినది: ఎలక్ట్రానిక్ సిగరెట్టును క్రొత్తగా చేతబట్టబోవువాడు ఏ యంత్రమును కొనవలెను? అందలి బ్యాటరీల భేదము లెట్టివి? ఇట్టి విషయమున కిచ్చట చోటేల యని కొందఱు చదువరులు నొసలు చిట్లింపవచ్చును. ధర్మవిచారము అంగడి బల్లయొద్దకు రాజాలకున్నచో అది పండితులకు కాలక్షేపముగా మాత్రమే మిగులునని మా యభిప్రాయము.

ముందుగా వస్తువేదో చెప్పుకొందము. పొగాకును కాల్చక, నికొటిను కలిపిన ద్రవమును విద్యుత్తుచే వేడిచేసి ఆవిరిగా పీల్చుటకు చేసిన సాధనమిది. అమెరికాలో హెర్బర్ట్ గిల్బర్టు అనునాతడు 1963లో ఇట్టి యూహకు పేటెంటు కోరి 1965లో బడసెను గాని ఆ వస్తువు అంగడి కెక్కలేదు. 2003లో చైనా దేశమున హాన్ లిక్ అను ఔషధశాస్త్రజ్ఞుడు నేటి రూపమునకు మూలమైన దానిని నిర్మించెను. ఇందు కాలుట లేదు గనుక తారును, కార్బన్ మొనాక్సైడును పుట్టవు. సిగరెట్టు త్రాగువారిని చంపునది పొగ. వారిని కట్టివేయునది నికొటిను. ఈ యంత్రము మొదటిదానిని తొలగించి రెండవదానిని నిలిపియుంచును.

మన దేశమున దీనిని 2019 సెప్టెంబరులో అత్యవసర శాసనముచేతను, ఆ డిసెంబరులో చట్టముచేతను నిషేధించిరి. తయారుచేయుట, దిగుమతి చేయుట, అమ్ముట, ప్రకటించుట అన్నియు నేరములే. మొదటిమాఱు చేసినవానికి ఏడాది వఱకు చెఱయో, లక్ష రూపాయల వఱకు జుల్మానాయో, రెండునో విధింపవచ్చును. కావున మేము వ్రాయునది మన యూరి అంగళ్లకు సంబంధించినది కాదు. ఈ ప్రశ్న నిజముగా బ్రదికియున్న దేశము బ్రిటను. అచ్చటి ప్రజారోగ్య సంస్థ 2015లో, సిగరెట్టుతో పోల్చినచో దీని హాని నూటికి సుమారు 95 పాళ్లు తక్కువయని ప్రకటించెను. ఆ సంఖ్య కొలిచి తీసినది కాదు, నిపుణుల యంచనా మాత్రమేయని ఆక్షేపించినవారును గలరు. 2023లో ఇంగ్లండు ప్రభుత్వము పదిలక్షలమంది పొగత్రాగువారికి ఈ యంత్రములను ఉచితముగా నిచ్చి, మానుటకు తోడ్పాటును గూడ నొసగు పథకమును ప్రకటించెను. అయినను పదునెనిమిదేండ్లు నిండనివారి కమ్మరాదు. ద్రవమున నికొటిను మిల్లీలీటరునకు 20 మిల్లీగ్రాములు మించరాదు. పొగ త్రాగనివారు దీనిని మొదలే పెట్టవద్దని అచ్చటి వైద్యులే చెప్పుచున్నారు. ఒకే రాజ్యము ఒకే వస్తువును ఒకనికి చేతబెట్టి యిచ్చుచు, మఱియొకని చేతినుండి లాగికొనుచున్నది. ఇందు పొరపాటు లేదని మా వాదము.

మా యొద్ద చదివి యిప్పుడు బ్రిటనులో పై చదువు చదువుచున్న యొక శిష్యుడు మాకొక జాబు వ్రాసెను. రాత్రులు గిడ్డంగిలో పనిచేయుచు, విశ్రాంతి నిమిషములలో తోడివారితో బయట నిలిచి, రెండేండ్లలో దినమునకు పండ్రెండు సిగరెట్లవఱకు వచ్చినాడు. రెండుమాఱులు మానియు నిలువలేకపోయినాడు. తనతో నొక యింటనే కాపురమున్న మిత్రుడు సిగరెట్టు నెన్నడును ముట్టనివాడు. మామిడిపండు వాసన, పుచ్చకాయ వాసన గల యావిరులయందు మోజుపడినాడు. "మే మిద్దఱమును క్రొత్తవారమే. ఆరంభకులకు తగినది యేదో, ఏ బ్యాటరీ మేలో మీరు భౌతికశాస్త్రము చెప్పినవారు గనుక తెలుపుడు" అని యా జాబులో నున్నది. శిష్యునకు పొగ నేర్పిన గురువు తెలుగు సాహిత్యమున నొకడు ఇదివఱకే యున్నాడు. గురజాడవారి గిరీశమునకు తోడుగా రెండవవాడము మే మేల కావలెనని కొంత వెనుకాడితిమి. తరువాత ఆ జాబును మఱల చదువగా, చిక్కంతయు "ఆరంభకులు" అను నొక్క మాటలో నున్నదని తోచినది.

ఆ మాట యిద్దఱిని ఒక్క ముసుగులో దాచుచున్నది. ఒకడు నిప్పులనుండి వెలుపలికి వచ్చుటలో ఆరంభకుడు. రెండవవాడు బురదలోనికి దిగుటలో ఆరంభకుడు. అంగడివాని కిద్దఱును ఒక్కటే, ఏలయన ఇద్దఱి సొమ్మును ఒక్కటే. కాని ఉపదేశము చేయువాని కట్లు కాదు. మన శాస్త్రములలో ఏ గ్రంథము మొదలుపెట్టినను, ఇది యెవనికొఱకు అను ప్రశ్న ముందు వచ్చును, దానినే అధికారిభేదమనిరి. పూర్వము ఆ మాటను కొందఱు జన్మతో ముడిపెట్టి పెక్కుమందిని చదువునకు దూరముచేసిరి. ఆ యన్యాయమును మేము మన్నింపము. కాని వినువాని యవసరమును చూచి చెప్పవలెనను నందలి సారము చెడిపోలేదు. మందుచీటి వ్రాయు వైద్యుడు దినమును చేయునది యదియే.

పొగ త్రాగువానికి చెల్లునది కంటకన్యాయము: ముల్లును ముల్లుతోనే తీయుదురు. ఎన్నడును త్రాగనివానికి చెల్లునది పంకన్యాయము: బురద పూసికొని కడుగుకొనుటకంటె తొక్కకుండుట మేలు. రెండు న్యాయములును సత్యములే. ఒకనిది మఱియొకనికి చెప్పినప్పుడే అవి కీడగుచున్నవి. త్రాగనివానికి కంటకన్యాయము చెప్పినచో కాలిలో లేని ముల్లును వెదకుటకై మఱియొక ముల్లు గ్రుచ్చినట్లగును. త్రాగువానికి పంకన్యాయము చెప్పినచో మెడవఱకు దిగినవానికి గట్టుమీదనుండి శుచిత్వమును గుఱించి ఉపన్యసించినట్లగును.

"రెండును దోషములే, దోషమునకు పెద్దచిన్నలేమి?" అని నిష్ఠాపరులు కొందఱు మమ్ము ప్రశ్నింతురు. వారి నిష్ఠ మాకు గౌరవనీయమే. కాని హాని యనునది కొలతకు లొంగునది. ఇంగ్లండులో పొగ మానగోరిన 886 మందిని రెండు భాగములు చేసి, ఒక భాగమునకు ఈ యంత్రములను, రెండవ భాగమునకు నికొటిను పట్టీలు, బంక మొదలైన వానిని ఇచ్చి చూచిరి. 2019లో ప్రకటించిన ఫలితమిది: ఏడాదియైన పిమ్మట మొదటివారిలో నూటికి 18 మందియు, రెండవవారిలో నూటికి పదిమందికి కొంచెము తక్కువగను సిగరెట్టు మానియుండిరి. ఇంచుమించు రెండింతలు! అయితే అదే పరిశీలనయందు మఱియొక సంఖ్య కలదు. అట్లు మానినవారిలో, యంత్రము పట్టినవారు నూటికి 80 మంది ఏడాది తరువాతను యంత్రమును విడువలేదు. పట్టీలు, బంక వాడినవారిలో వానిని విడువనివారు 9 మందియే. ముల్లుతో ముల్లు తీసినవాడు రెండు ముండ్లను పాఱవేయవలెను గదా. వీరిలో పెక్కురు రెండవదానిని కాలిలోనే యుంచుకొనిరి. ఈ రెండు సంఖ్యలలో ఒకదానిని చెప్పి రెండవదానిని దాచువాడు, వర్తకుడైనను నీతిబోధకుడైనను, ఒకే తప్పు చేయుచున్నాడు.

కావున పొగ త్రాగు శిష్యునకు మేము చెప్పుటకు సిద్ధపడితిమి. చెప్పబూనినప్పుడు మొదట ఎదురైనది దయలోని లోభము. సదుద్దేశము గలవారు ఆరంభకునకు సాధారణముగా నికొటిను మిక్కిలి తక్కువగా నున్న ద్రవమునే సూచింతురు. అది తమ మనస్సాక్షికి హాయి. కాని దినమునకు పండ్రెండు సిగరెట్లు త్రాగువానికి అది చాలదు. రెండుదినములు పీల్చి, తృప్తి లేక, మూడవనాడు అంగడికి పోయి సిగరెట్టు పెట్టెయే కొనును. రెండును కలిపి వాడువానికి లాభము స్వల్పము. తగినంత బలముతో మొదలుపెట్టి, సిగరెట్టును పూర్తిగా విడిచిన పిమ్మట మెల్లమెల్లగా తగ్గించుకొని రావలెను. అరుంధతిని చూపుటకు ముందు ప్రక్కనున్న పెద్దచుక్కను చూపి దృష్టిని కొంచెము కొంచెముగా మరల్చునట్టి మార్గమిది. సగము దయ చూపి లోపల తృప్తిపడుటకంటె ఏమియు చెప్పకుండుటయే నయము.

రెండవది, ద్రవము ఎచ్చటిదని. 2019లో అమెరికాలో ఇట్టి యావిరులు పీల్చినవారి ఊపిరితిత్తులు హఠాత్తుగా చెడి, 2020 ఫిబ్రవరి నాటికి ఆస్పత్రుల పాలైనవారును, మృతులును కలిసి 2,807 మందిగా లెక్కకు వచ్చిరి. అందు 68 మంది మరణించిరి. పరిశీలింపగా పెక్కురు వాడినది దొంగచాటుగా నమ్మిన గంజాయి నూనె. అందు కలిపిన విటమిన్-ఇ అసిటేటు ముఖ్యకారణముగా తేలినది. చట్టమునకు లోబడిన అంగడిలో గాక మిత్రుని జేబునుండి కొనుట యెంత ప్రమాదమో దీనివలన తెలియును. ఇక అమ్మకమున కంగీకరించిన ద్రవమైనను నిరపాయమని కాదు. ఇరువదేండ్ల వస్తువునకు నలువదేండ్ల సాక్ష్యము ఎచ్చటినుండి వచ్చును?

యంత్రముల రకములు పెక్కు. సిగరెట్టును పోలినవి, కలమును పోలినవి, చిన్న గుళిక తగిలించునవి, చేతిపెట్టెలవలె బరువైనవి. ఆరంభకునకు గుళిక తగిలించు సాధారణ యంత్రము చాలును. పీల్చు తీరు సిగరెట్టునకు దగ్గఱగా నుండును, మీటలును అంకెలును తక్కువ. దీనిని గుఱించి యింతకంటె వ్రాయ నక్కఱలేదు. రంగులను, రుచులను ఎన్నుకొనుట మా బోధనాంశములలో లేదు.

బ్యాటరీల సంగతి మాత్రము వేఱు. ఇచ్చట అధికారిభేదము నిలువదు, ఏలయన దీని హాని పీల్చువానితో ఆగదు. శిష్యుడు వ్రాసిన యింట అయిదుగురు పిల్లలు అద్దెకున్నారు. మెట్లు ఒక్కటే, చెక్కతో చేసినవి. దిండుక్రింద ఛార్జి చేయుచున్న యంత్రము మండినచో, పై గదిలో నిద్రించు నిర్దోషి ఏ పాపము చేసెను?

ఈ యంత్రములలో నుండునది లిథియం-అయాను బ్యాటరీ. 1991లో ఇది అంగడికి వచ్చెను. దీనిని సాధ్యముచేసిన గుడెనఫ్, విట్టింగ్‌హామ్, యోషినో అను మువ్వురకు 2019లో నోబెల్ బహుమానము వచ్చెను. కొంచెము చోటులో మిక్కిలి శక్తిని బిగించుట దీని గుణము. లోపలి ద్రవము మండు స్వభావము గలదగుట దీని దోషము. లోపల ధన ఋణ ధ్రువముల నడుమ నున్న పలుచని పొర చెడినను, మితిమీఱి వేడెక్కినను, వేడిచే రసాయనక్రియ పెరిగి, ఆ క్రియచే వేడి మఱింత పెరిగి, మన ప్రయత్నముతో ఆగని స్థితికి వచ్చును. కోపము కోపమునే పెంచినట్లని చెప్పిన బాలురకు సులభముగా నర్థమగును.

ఇందు రెండు జాతులు. యంత్రముతో కలిసియే యుండి బయటికి రానిది మొదటిది. దానికి కాపలాగా లోపల నొక చిన్న విద్యుత్పలకము ఉండును. ఛార్జి మించినను, ప్రవాహము మించినను అది తెంచివేయును. క్రొత్తవాని కిదియే తగినది. బ్యాటరీ శక్తి తఱిగినప్పుడు యంత్రమంతయు పోవుట దీని లోపము. రెండవది విడిగా కొని అఱలో నుంచునది. దానిపై 18650 అని యుండిన, 18 మిల్లీమీటర్ల వెడల్పు, 65 మిల్లీమీటర్ల పొడవు, చివరి సున్న గుండ్రని గొట్టమనుటకు గుఱుతు. 21700 అనునది దాని యన్న. ఇవి దీర్ఘకాలము ఉపయోగపడును, మార్చుకొనవచ్చును. కాని బాధ్యత యంతయు వాడువానిపై పడును.

కొనువారందఱు చూచు సంఖ్య మిల్లీ ఆంపియరు-గంటలు, అనగా ఎంతసేపు వచ్చునో తెలుపునది. చూడవలసిన సంఖ్య మఱియొకటి కలదు: ఆగక ఎన్ని ఆంపియర్ల ప్రవాహము నీయగలదని. ఒకే కొలతగల గొట్టములో మొదటిది పెరిగినకొలది రెండవది తగ్గుట సామాన్యము. పెద్ద కడవకు సన్నని మూతివలె. 18650 మీద 9,900 అని వ్రాసియుండిన దానిని తాకవలదు. ఆ గొట్టములో అంతశక్తి పట్టదు, అది అబద్ధమాడు బ్యాటరీ. ఒక సంఖ్యలో బొంకినది రెండవదానిలో నిజము చెప్పునని నమ్ముట యెట్లు?

మా తరగతిలో ఓము సూత్రమును వల్లించి, మార్కులు తెచ్చుకొని, మఱచినవారు పెక్కురు. దాని ప్రయోజన మిచ్చట కనబడును. నిండుగా ఛార్జియైన బ్యాటరీ 4.2 వోల్టులు. ఆవిరి పుట్టించు తీగచుట్ట (ఇచ్చటను చుట్టయే!) నిరోధము 1.2 ఓములైనచో ప్రవాహము మూడున్నర ఆంపియర్లు, భయము లేదు. అదే చుట్ట 0.15 ఓములైనచో ప్రవాహము 28 ఆంపియర్లు. 20 ఆంపియర్లకు తగిన బ్యాటరీకి అది చావుదెబ్బ. కాపలా పలకము లేని యంత్రములను కొందఱు ఉత్సాహవంతులు పొగమేఘములకొఱకు వాడుదురు. వాని జోలికి ఆరంభకుడు పోరాదు. రెండు బ్యాటరీలు పట్టు యంత్రమైనచో రెండును ఒకేనాడు కొన్నవి, ఒకే జాతివి, ఎప్పుడును కలిసియే వాడినవి, కలిసియే ఛార్జి చేసినవి కావలెను. వాడుకవారు వీనికి పెండ్లియైన బ్యాటరీలని పేరు పెట్టినారు. మన యిండ్లలో కానరాని సామరస్యము వీనియందు విధిగా నుండవలెను.

విడి బ్యాటరీ పైపొర చిఱిగినచో దానిని వాడరాదు. తాళపుచెవులతోను, నాణెములతోను జేబులో వేసికొని తిరుగుట కొఱవితో తల గోకికొనుటయే. లోహము రెండు ధ్రువములను కలిపిన క్షణమున జేబే పొయ్యి యగును. నాలుగణాల ప్లాస్టిక్ పెట్టెలో నుంచిన ఈ ప్రమాదము లేదు. పఱుపుమీద, దిండుక్రింద, నిద్రించు వేళ ఛార్జి చేయరాదు. విమానమున సామానులో వేయక చేతిసంచిలోనే యుంచుకొనవలెను. పాడైనదానిని చెత్తబుట్టలో వేసినచో చెత్తబండిలో నలిగి మంట లేచును; అమ్మినవారే దానిని తిరిగి తీసికొనవలెనని అచ్చటి నియమము. ఒక్కమాఱు వాడి పాఱవేయు యంత్రములు బ్రిటనులో వారమునకు సుమారు 50 లక్షలు పాఱవేయబడుచుండెనని 2023లో లెక్క తేలినది. మఱల ఛార్జి చేయదగిన బ్యాటరీలనే ఒక్కసారికై అమ్మి మట్టిపాలు చేయుచుండిరి. 2025 జూను 1 నుండి వాని యమ్మకమును నిషేధించిరి.

ఇంతయు చెప్పుటవలన త్రాగని మిత్రునకు ధైర్యమిచ్చిన వారము గామా యని మా తోటి యుపాధ్యాయుడొక రడిగెను. ఓము సూత్రము తెలిసినందున పొగ మొదలుపెట్టినవానిని మేమింతవఱకు చూడలేదు. ఆ మిత్రునకు, "నీకు ఏ యంత్రమును తగదు, కొనవద్దు" అని వేఱుగా నొక వాక్యము వ్రాసితిమి. దానిక్రిందనే బ్యాటరీల జాగ్రత్తలన్నియు వ్రాసితిమి. అతడు మా మొదటి మాట వినకపోవచ్చును. వినకపోయినంత మాత్రమున అతని గదియు, ప్రక్కగదియు కాలవలెనని కోరుట శిక్షయగునేమో గాని నీతి కాదు. అపాయమును గుఱించిన సత్యము విధేయతకు బహుమానముగా నిచ్చునది కాదు.

ఇక మిగిలినది శిష్యుడు సెలవులకు ఇంటికి వచ్చు సంగతి. ఆ యంత్రమును సంచిలో వేసికొని వచ్చినచో ఇచ్చట దిగుమతి నేరమగును. తన వీథి చివర బంకులో మాత్రము సిగరెట్టు, బీడీ, చుట్ట తెల్లవాఱకమునుపే సిద్ధముగా నుండును. పొగాకు బోర్డు గుంటూరుననే యున్నది. శ్రీకాకుళము, విశాఖ సీమలలో ముసలమ్మలు మండుకొనను నోటిలోనికి త్రిప్పి అడ్డపొగ త్రాగి అంగిళ్లను పుండ్లు చేసికొనుటను ఏ చట్టమును ఆపలేదు. అతడు విడిచిన వస్తువు ఇచ్చట ధర్మబద్ధము, విడిపించిన వస్తువు నిషిద్ధము. చట్టము క్రొత్త వ్యసనము బాలురలో ప్రాకకుండ కట్టిన గట్టు. ఆ భయము నిరాధారమని మేమనము. కాని పాత వ్యసనమున మునిగినవాని చేతికి గట్టుమీదనుండి ఏమి యందించుచున్నారో చట్టకర్తలు చెప్పవలసియున్నది. నికొటిను బంక మన మందుల దుకాణములలో దొరకును. ప్రయాణమునకు మూడునెలల ముందునుండి ద్రవపు బలమును తగ్గించుకొని వచ్చి, ఆ నెల దినములు బంకతో గడపుమని వ్రాసితిమి. యంత్రమును అచ్చటనే యుంచి రమ్మని, ఉంచునప్పుడు బ్యాటరీని సగము ఛార్జితో, దుప్పట్లకు దూరముగ నుంచుమని గూడ వ్రాసితిమి.